సుధకు, వాచీ సంగతి

చి. ల. సౌ. సుధకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు, షోరూంలో తీసిన వీడియో అన్నీ చూశాను. "ఖరీదైన వాచీ కొనేటప్పుడు అందం చూసుకోవాలా, టైము చూసుకోవాలా, ఏదో ఒకటి తేల్చి చెప్పు మామయ్యా" అన్నావు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీకు హాస్పిటల్ నుంచి కాల్ వస్తుంది, నాకు మాట తెగుతుంది. అందుకే రాస్తున్నాను. డ్యూటీ దిగాక తీరిగ్గా చదువుకో.

నలభై ఏళ్ళు కాకినాడ మెయిన్ రోడ్డులో మూడడుగుల అద్దాల బల్ల వెనక కూర్చుని, కంటికి లెన్సు బిగించుకుని బతికినవాణ్ణి. లక్షల ఖరీదు వాచీలు నా చేతిలో పడింది తక్కువే. కానీ వెనక మూత తీశాక వెయ్యి రూపాయలదైనా ఐదు లక్షలదైనా చేసే పని ఒకటే, పడే జబ్బులూ అవే.

ముందు నీ ప్రశ్నలో ఉన్న తిరకాసు చూడు. అందం వైపు కార్టియే కంపెనీ ట్యాంకు వాచీని పెట్టావు. టైము వైపు ఒమేగా కంపెనీ ఆక్వా టెర్రాను పెట్టావు, దానికి మాస్టర్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉందని షోరూం కుర్రాడు చెప్పాడు కాబట్టి. ఉన్నమాట నిజమే. మాస్టర్ క్రోనోమీటర్ అంటే రోజుకు 5 సెకన్లకు మించి ముందుకు పోకూడదు, అసలు వెనకపడకూడదు. ఆ 5 సెకన్లను నెలకు లెక్కేస్తే రెండున్నర నిమిషాలు. నువ్వు ఫొటో తీసిన ట్యాంకులో ఉన్నది బ్యాటరీ మెషిను. ఏ మాదిరి బ్యాటరీ వాచీ అయినా నెల మొత్తం మీద 15 సెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే నువ్వు అందం ఖాతాలో రాసుకున్నదే టైము సరిగ్గా చూపిస్తుంది. షోరూం కుర్రాడు అబద్ధం చెప్పలేదు, నువ్వు అడగలేదు అంతే.

ఇందులో వింతేమీ లేదు. బ్యాటరీ వాచీలో చిన్న స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను 15 సార్లు సగం చేసుకుంటూ పో, సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఆ ఒకటే సెకను. ఒమేగాలో ఉన్నది స్ప్రింగు, పళ్ళ చక్రాలు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. సెకనుకు ఏడు టిక్కులు, రోజుకు 6,04,800. నీ చెయ్యి ఊగుతుంటే, ఏసీ గదిలోంచి ఎండలోకి వెళ్తుంటే, స్ప్రింగు బిగువు తగ్గుతుంటే, ఇన్నిటి మధ్యా రోజుకున్న 86,400 సెకన్లలో 5 సెకన్ల తేడాతో నడవడం మాటలు కాదు. నువ్వు డబ్బు పోసేది ఆ పనితనానికి. టైముకు కాదు. టైము నీ ఫోన్లో ఉచితంగా వస్తుంది.

ఒకప్పుడు టైముకే డబ్బు పోసేవాళ్ళులే. 1969 డిసెంబరు 25న సీకో వాళ్ళు జపాన్లో మొదటి క్వార్ట్జ్ (అంటే ఈ స్ఫటికంతో నడిచే) చేతివాచీ ఆస్ట్రాన్ అమ్మకానికి పెడితే దాని ధర 4,50,000 యెన్లు. నెలకు 5 సెకన్ల తేడా అంటే ఆ రోజుల్లో జనం నోరు తెరిచారు. తర్వాత అదే స్ఫటికం ఎంత చవకైపోయిందంటే, మన దగ్గర 1987లో టైటాన్ వాచీలు దిగాక నా బల్ల మీద రిపేర్లు తగ్గి బ్యాటరీ మార్పులే మిగిలాయి. ఆ కోపం నాకింకా కొంత ఉంది, కాబట్టి బ్యాటరీ వాచీని నేను మెచ్చుకుంటున్నానంటే నమ్మొచ్చు.

ఇంకో మాట. దేశం టైమంతా 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్క కడతారు కదా, అది మన కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. మీ హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడి లెక్కలో మీరు సగటున 16 నిమిషాలు తేడాలోనే బతుకుతున్నారు. ఐదు సెకన్ల గురించి నిద్ర పాడుచేసుకునేవాళ్ళకు నేనీ సంగతి చెప్పి నవ్వేవాణ్ణి.

అలాగని ఒమేగాలాంటి స్ప్రింగు వాచీ టైము పట్టించుకోవద్దని కాదు. ఎంత తేడా వస్తోందన్నది కాదు, రోజూ ఒకేలా వస్తోందా అన్నది చూడాలి. రోజుకు 5 సెకన్లు ఫాస్టు పోయే వాచీ, ప్రతిరోజూ అదే 5 పోతుంటే, ఆరోగ్యంగా ఉన్నట్టు. నిన్న 2, ఇవాళ 11, రేపు వెనక్కి 6 అంటే లోపల ఏదో ఉంది. నూనె ఎండిందో, దెబ్బ తగిలిందో. డాక్టరువి కదా, జ్వరం చార్టులాంటిదే. కొన్న మొదటి పది రోజులు పొద్దున ఒకే వేళకు ఫోన్ టైముతో పోల్చి చిన్న పుస్తకంలో రాసుకో. రాత్రి డయల్ పైకి పెడితే ఎంత, కీ పక్కకు నిలబెడితే ఎంత అని కూడా చూడు. పడుకోబెట్టే తీరును బట్టి రెండు మూడు సెకన్లు మారతాయి. పగలు ఫాస్టు పోయింది రాత్రి ఏ వాటంలో స్లో అవుతుందో కనిపెట్టావా, రిపేరు లేకుండానే టైము సర్దుకుంటుంది. పూర్వం పెద్దవాళ్ళు చేసింది అదే.

ఉన్నట్టుండి రోజుకు నిమిషాల లెక్కన ఫాస్టు పోతే మాత్రం కంగారుపడకు. నూటికి తొంభై పాళ్ళు అయస్కాంతం. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, అంతే. పూర్వం రేడియో పెట్టె మీద వాచీ పెట్టి పడుకునేవాళ్ళు, ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు బొత్తాలు, ఫోను కవర్లు. మెకానిక్ దగ్గర అర నిమిషం పని. ఆ ఒమేగా 15,000 గాస్ (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) దాకా తట్టుకుంటుంది కాబట్టి దానికి ఆ బెంగ లేదు. ట్యాంకయితే అయస్కాంతం పక్కన కాసేపు ఆగినా దూరం జరిపితే మళ్ళీ నడుస్తుంది, టైము సరిచేసుకుంటే చాలు.

నిజంగా టైమే కావాలి, ఖరీదుదే కావాలి అంటే గ్రాండ్ సీకోలో 9ఎఫ్ అనే బ్యాటరీ మెషిను ఉంది. ఏడాదికి 10 సెకన్లు అటూ ఇటూ. నువ్వు ఆ పేరే ఎత్తలేదంటే నీకు ఆ పిచ్చి లేదన్నమాట.

ఇప్పుడు నా బుద్ధితక్కువతనం విను. షాపు అప్పజెప్పిన ఏడాది, జీవితంలో ఒక్కసారి మంచిది కొనుక్కుందామని బయల్దేరాను. కంపెనీ పేరెందుకులే, వాచీ తప్పేమీ లేదు. మెకానిక్‌ని కదా, రూపం చూడటం నామోషీ. సర్టిఫికెట్, అంకెలు మాత్రమే చూశాను. 44 మిల్లీమీటర్ల వాచీ, మందం కూడా అంతకు తగ్గట్టే. మూడు నెలలు పుస్తకంలో రాశాను: 3, 3, 2, 3. ఎంత మురిసిపోయానో మీ అత్తయ్యనడుగు. నాలుగో నెల నుంచి పెట్టుకోవడం మానేశాను. చొక్కా కఫ్ కిందకి దూరదు, స్కూటర్ హ్యాండిల్ పట్టుకుంటే మణికట్టు వెనక గుచ్చుకుంటుంది, కళ్ళజోడు లేకపోతే ఆ గీతల్లో టైమెక్కడుందో కనపడదు. ఇప్పుడది బీరువాలో ఆగిపోయి రోజుకు రెండుసార్లు సరైన టైము చూపిస్తోంది. మీ తాతయ్య హెచ్‌ఎంటీ జనతా రోజుకు ముప్పై సెకన్లు వెనకపడేది. ఆయన పొద్దున రేడియోలో వార్తల ముందు పిప్ పిప్‌మని మోగగానే ముల్లు కలిపి, ఇరవై సార్లు కీ ఇచ్చి పెట్టుకునేవారు. పాతికేళ్ళు ఆ చేతి మీదే ఉంది.

కాబట్టి అందం చూడు. కానీ షోరూం దీపాల కింద చూడకు. ఆ దీపాల కింద ఇత్తడి కూడా బంగారంలానే ఉంటుంది. అడిగి గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడు. చెయ్యి కిందకి వదిలి, ఒక్కసారి పైకెత్తి, రెప్పపాటులో టైము చదవగలిగావా? పెద్ద ముల్లు నిమిషాల గీతల దాకా అందుతోందా, లేక పొట్టిగా మధ్యలో ఆగిపోయిందా? బెల్టు పట్టుకునే కొమ్ములు మణికట్టు దాటి బయటికి రాకూడదు. ఇంట్లోనే ఒక అట్టముక్కను ఆ పొడుగుకు కత్తిరించి చేతి మీద పెట్టి చూస్తే షోరూంకి వెళ్ళకుండానే సగం తెలిసిపోతుంది.

ట్యాంకు 1917లో లూయీ కార్టియే గీసిన ఆకారం. యుద్ధపు ట్యాంకును పైనుంచి చూస్తే కనిపించే రూపమంటారు. నూరేళ్ళు దాటినా పాతబడలేదు, ఇకముందూ పడదు. నీ వీడియో ఆపి పెద్దది చేసి చూశాను. నీలం ముళ్ళు, రైలు పట్టాల్లాంటి నిమిషాల గీత, నాలుగు దగ్గర నాలుగు నిలువు గీతలు. ఈసారి లెన్సు అడిగి రోమన్ అంకెల్లో వెతుకు, ఒకదాని గీతలో కంపెనీ పేరు సన్నగా చెక్కి ఉంటుంది.

కానీ దానికి సెకన్ల ముల్లు లేదు, గమనించావా? పిల్లల నాడి ఎలా లెక్కపెడతావు? అక్కడ సెకన్ల ముల్లు కావాలి గానీ సర్టిఫికెట్ అక్కర్లేదు. రోజుకు 5 సెకన్లు తప్పే వాచీ అర నిమిషంలో తప్పేది సెకనులో ఐదువందలో వంతు కూడా ఉండదు. పైగా రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతావో నాకు తెలుసు. ట్యాంకు తోలు బెల్టు మూడు నెలల్లో కంపు కొడుతుంది. వార్డులో తిరగడానికి ఆక్వా టెర్రా సరిగ్గా సరిపోతుంది, 150 మీటర్ల నీటికి ఓర్చుకుంటుంది. కాకపోతే అయిదారేళ్ళకోసారి విప్పి కడిగించాలి, అది పదుల వేలల్లో ఉంటుంది. రెండు రోజులకు మించి పక్కన పెడితే ఆగుతుంది, మళ్ళీ టైము, తేదీ కలుపుకోవాలి. ట్యాంకు వారానికోసారి పెళ్ళికి పెట్టుకున్నా నడుస్తూనే ఉంటుంది.

ఏది కొన్నా కంపెనీ అధికారిక షాపులోనే కొను. కార్డు మీద నంబరూ వాచీ మీద నంబరూ నీ కళ్ళతో కలిపి చూసుకో. సర్వీసుకిచ్చినప్పుడల్లా "పాలిష్ వద్దు" అని రాయించు. రెండుసార్లు పాలిష్ పడితే అంచులు సబ్బుబిళ్ళలా అరిగిపోతాయి.

నువ్వు నాకు మొత్తం తొమ్మిది ఫొటోలు పంపావు. ఏడు ట్యాంకువే. ఒమేగావి రెండే, అందులో ఒకదాంట్లో మూల నుంచి ట్యాంకు కనిపిస్తోంది. బ్యాటరీ వాచీకి అంత డబ్బా అని ఎవరో అంటారని నీ భయం, మామయ్య కూడా అంటాడేమోనని. నేననను. డ్యూటీకి నీ పాత టైటాన్ ఉందిగా, సెకన్ల ముల్లుతో సహా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ అమ్మ బీరువాలో ఉన్న తాతయ్య జనతా కూడా పట్టుకురా. కీ ఇచ్చి చూడకు. నూనె ఎండిపోయి ఉంటుంది, ముందు నేను మూత తీసి కడగాలి.

ఆశీస్సులతో,
మీ మామయ్య
కాకినాడ