మోడల్ కంటే ముందు హ్యాంగర్

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. విమానాల మెయింటెనెన్స్‌లో బయటపడే లోపాల రిపోర్టులు విశ్లేషించి, ప్రమాదాల ధోరణిని ముందే పసిగట్టే పని చేస్తానంటోంది. ఏఐ కోర్సులో చేర్చాలా, విమాన మెయింటెనెన్స్ చదివించాలా? విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో గ్రీజు పని మాకిష్టం లేదు. రంగం మరీ చిన్నదని కూడా భయం.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. గజిబిజిగా రాసిన రిపోర్టుల్లోంచి లోపాల తీరు పట్టుకోవడం వస్తే రైళ్లు, విద్యుత్ కేంద్రాలు, ఆస్పత్రి యంత్రాలు, ఎక్కడైనా పని దొరుకుతుంది. అమ్మాయి ఇరుక్కుపోదు.

ఏఐ కోర్సు మీదే నాకు అనుమానాలు. విమాన ప్రమాదాలు చాలా అరుదు. రిపోర్టులు కుప్పలుగా ఉన్నా, ఏఐ మోడల్ నేర్చుకోవడానికి ప్రమాదాలు గుప్పెడే. పైగా రిపోర్టులు పెరిగితే ముప్పు పెరిగినట్టు కాదు. ప్రతి పగులునూ నిజాయితీగా రాసే సంస్థే లెక్కల్లో చెడ్డగా కనిపిస్తుంది. ఎన్ని గంటలు ఎగిరాయో, ఎన్నిసార్లు ఎగిరి దిగాయో చూడకుండా ఆ అంకెలు పోల్చడం తప్పు. అసలు రాయని లోపం సంగతేమిటి? 1988లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో పెద్ద భాగం గాల్లోనే ఊడిపోయింది. అప్పటికి అది దాదాపు 90 వేల సార్లు ఎగిరి దిగింది. ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు పగులు చూసి కూడా ఎవరికీ చెప్పలేదు.

ఇక 'గ్రీజు పని' అన్న మాట. అది చదివి బాధేసింది, అందుకే గట్టిగా చెబుతున్నాను. 2000లో అలాస్కా ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 261 కూలి 88 మంది చనిపోయారు. తోక రెక్కను కదిలించే పొడవాటి స్క్రూకు (జాక్‌స్క్రూ) గ్రీజు సరిగా పెట్టక దాని నట్టులోని మరలు అరిగిపోయాయి. 1997లో ఆ అరుగుదల కొలిస్తే సరిగ్గా అనుమతించిన హద్దు మీద వచ్చింది. మళ్లీ కొలిస్తే తక్కువ వచ్చిందని విమానాన్ని పంపేశారు. ఈ రెండు కొలతల్లో దేన్ని నమ్మాలన్న ప్రశ్న హ్యాంగర్‌లో నిలబడినవారికే తడుతుంది. మీరు వద్దంటున్నది ఆ చదువునే.

డిగ్రీ పూర్తి చేయనివ్వండి. సెలవుల్లో మెయింటెనెన్స్ సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు పంపండి, పక్కన స్టాటిస్టిక్స్ గట్టిగా చదవమనండి. ఏఐ తర్వాత నేర్చుకోవచ్చు. అమెరికాలో విమానయాన సంస్థలు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు ఇచ్చే లోపాల రిపోర్టులు (సర్వీస్ డిఫికల్టీ రిపోర్టులు) ఎవరైనా చూడొచ్చు. ల్యాండింగ్ గేర్ మీద వచ్చినవి ఓ 200 తీసి, చేత్తో వర్గాలుగా విడదీయమనండి. అవి చదువుతూ విసుగు రాకపోతే మీ అమ్మాయి సరైన దారిలోనే ఉంది.