గొంతులు వినిపించే ఆడియోతో స్కిజోఫ్రీనియా మీద చిన్నచూపు తగ్గుతుందా?

అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినానికి మీ నర్సింగ్ కాలేజీలో పిల్లలకి ఇయర్‌ఫోన్లు పెట్టి, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి, ఎవరూ మాట్లాడకపోయినా వినపడే గొంతులు వినిపించాలనుకుంటున్నామని, ఎలా చేయాలని అడిగారు. చేయండి. కానీ ఇయర్‌ఫోన్లు తీశాక ఏం చేస్తారో ముందు ఖాయం చేసుకోండి. చాలాచోట్ల బెడిసికొట్టేది అక్కడే.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో పాట్రీషియా డీగన్. టీనేజ్‌లోనే స్కిజోఫ్రీనియా అని తేల్చారు, తర్వాత ఆవిడే సైకాలజిస్టు అయ్యారు. ఆవిడ శిక్షణలో గొంతులు వింటూనే మామూలు పనులు చేయాలి. అసలు పాఠం ఆ పనుల్లోనే ఉంది. ఊరికే కూర్చోబెట్టి వినిపిస్తే దెయ్యం సినిమా చూసినట్టు ఉంటుంది, అంతే.

రికార్డింగు 15 నుంచి 20 నిమిషాలు చాలు. మూడు నాలుగు వేర్వేరు గొంతులు, ఆడా మగా, కొన్ని గుసగుసలు. మధ్యలో 5 నుంచి 20 సెకన్ల నిశ్శబ్దం, ఒకే లెక్కన కాకుండా ఎగుడుదిగుడుగా పెట్టండి. ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనిషిని అలసిపోయేలా చేస్తుంది. అన్నీ తిట్లే పెట్టకండి. ‘పెన్ను తీసింది, రాస్తోంది’ అని చేసే పనిని చెప్పే గొంతు, పేరు పిలిచే గొంతు, ‘వాళ్ళు నీ గురించే నవ్వుతున్నారు’ అనే గొంతు కలవాలి. చంపు, దూకు లాంటి మాటలు వద్దు. వెనక సంగీతం అసలే వద్దు. ఎదుటివాళ్ళ మాట కూడా వినపడేంత తక్కువ వాల్యూమ్‌లో పెట్టాలి.

పనులు: బ్యాంకు ఖాతా ఫారం నింపడం, పేపర్లో ఒక పేరా చదివి ప్రశ్నలకు జవాబివ్వడం, మందుల షాపులో ఫలానా మాత్ర అడగడం. చివర్లో సైకియాట్రీ ఓపీలో చేసే పరీక్ష: 100 నుంచి 7 తీసేస్తూ రావాలి, ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అంటే ఏమిటో చెప్పాలి. 93, 86 దాకా వచ్చి, చెవిలో ఎవరో ‘తప్పు’ అనగానే నోరు ఆగిపోతుంది. డాక్టరు వేషం వేసినవాళ్ళు ‘ఏకాగ్రత లేదు’ అని రాసుకుంటారు. వార్డులో మనం రాసే ఆ రెండు ముక్కలకి అవతల ఏం జరుగుతుందో అక్కడ అర్థమవుతుంది.

జట్టుకు 8 నుంచి 10 మంది. గొంతులు ఎప్పుడైనా విన్నవాళ్ళు, ఈమధ్యే ఇంట్లో చావు చూసినవాళ్ళు కారణం చెప్పక్కర్లేకుండా తప్పుకునే వీలుండాలి. ఎప్పుడైనా ఇయర్‌ఫోన్ తీసేయొచ్చని ముందే చెప్పండి. బయట ఒక టీచరు ఉండాలి, గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి ఉండాలి.

ఇక బెడిసికొట్టే సంగతి. ఇలాంటి అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి సమీక్షలో సానుభూతి పెరిగినట్టు తేలింది. దాంతోపాటే దూరంగా ఉండాలన్న కోరికా పెరిగింది! ఎందుకంటే పిల్లలు రుచి చూసేది మొదటిరోజు బెదురు ఒక్కటే. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తున్న మనిషి నేర్చుకున్న ఒడుపు వాళ్ళకి కనపడదు. కళ్ళకు గంతలు కట్టుకుని పది నిమిషాలు నడిచినవాళ్ళు, చూపులేనివాళ్ళు ఏ పనీ చేయలేరనుకోవడం లాంటిదే ఇది.

అందుకని ఆడియో కంటే ఎక్కువ సమయం, కనీసం 45 నిమిషాలు, జబ్బుతో బతుకుతూ ఉద్యోగమో సంసారమో నడుపుకుంటున్న మనిషికి ఇవ్వండి. ఆ మనిషి ఇష్టపడి రావాలి, దారిఖర్చులూ గౌరవ వేతనమూ ఇవ్వాలి. గొంతులు వచ్చినప్పుడు ఏం చేస్తారో అడగండి. పాట కూనిరాగం తీయడం, జవాబివ్వాలనిపిస్తే సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడటం, గొంతులకి సాయంత్రం ఒక అరగంట కేటాయించి మిగతా రోజంతా ‘తర్వాత’ అనడం, మందులు. ఇవి విన్నాక పిల్లల్లో బెదురు తగ్గుతుంది. ఎవరూ దొరక్కపోతే ఈ ఏడాదికి ఆడియో మానేయండి, ఆ మనిషిని వెతకండి.

ఫలితం కొలవాలంటే ‘జాలేసిందా’ అని అడగొద్దు. ‘స్కిజోఫ్రీనియా ఉన్నాయన మీ పక్క పోర్షన్లో అద్దెకు దిగితే ఒప్పుకుంటారా, మీతోపాటు డ్యూటీ చేస్తే?’ అని ముందూ వెనకా ఒకే కాగితం నింపించండి. నెల తర్వాత అదే కాగితం మళ్ళీ ఇవ్వండి.