ఐ-ఓ సైకాలజీ పీహెచ్‌డీ మూడో ఏడు: కంపెనీ ఉద్యోగానికి ఇప్పట్నుంచే ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది తెనాలి. హైదరాబాద్‌లో సైకాలజీ పీజీ చేసి అమెరికాలో ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీ పీహెచ్‌డీలో చేరాను. ఇప్పుడు మూడో సంవత్సరం, ఎఫ్-1 వీసా. మా గైడ్ పేపర్లు రాయమంటారు, నాకేమో కంపెనీల్లో పనిచెయ్యాలనుంది. ఈ చదువుకి అసలు ఉద్యోగాలుంటాయా అని ఇంట్లో భయం. మీ అమ్మాయి అనుకుని చెప్పండి మేడం.

జవాబు: ముందు ఇంట్లో వాళ్ల సంగతి చూద్దాం అమ్మా. సైకాలజీ అనగానే మనవాళ్లకి కౌన్సెలింగే గుర్తొస్తుంది, నువ్వు చదివేది మాత్రం పనిచేసే చోట మనుషుల గురించి, ఎవర్ని ఎలా సెలెక్ట్ చెయ్యాలి, ప్రమోషన్ పరీక్ష న్యాయంగా ఉందా, జనం ఎందుకు మానేసి వెళ్లిపోతున్నారు, ఇవన్నీ డేటాతో తేల్చే చదువు. దీనికి అమెరికాలో ఎస్‌ఐఓపీ అని సొంత సొసైటీ ఉంది, అందరూ సయాప్ అంటారు, ఏపీఏ అనే అమెరికా సైకాలజిస్టుల సంఘంలో అది 14వ డివిజన్. ఈ పీహెచ్‌డీ చేసినవాళ్లు డీడీఐ, ఎస్‌హెచ్‌ఎల్, కార్న్ ఫెర్రీ లాంటి ఉద్యోగ పరీక్షలు, సలహాలు ఇచ్చే కంపెనీల్లో, పెద్ద కంపెనీల పీపుల్ అనలిటిక్స్ (ఉద్యోగుల డేటా విశ్లేషణ) టీముల్లో, బిజినెస్ స్కూళ్లలో ఉన్నారు. ఫెడరల్ గవర్నమెంట్ కూడా తీసుకుంటుంది గానీ ఆ పోస్టులు చాలావరకు సిటిజన్లకే, వాటి మీద టైం పెట్టకు.

ఇంక నీ విషయం. డిసర్టేషన్ (థీసిస్) అయ్యాక ఉద్యోగం వెతుక్కుందాం అని మాత్రం అనుకోవద్దు, వచ్చే వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. పేపర్లు అక్కర్లేదని కాదు, కానీ కంపెనీ వాడు రెజ్యూమెలో ముందు చూసేది నువ్వు నిజమైన క్లయింట్‌తో, గడువు పెట్టుకుని, సగం సగం డేటాతో ఎప్పుడైనా పనిచేశావా అని, అది క్లాసులో రాదు. వేసవి ఇంటర్న్‌షిప్‌లకి చలికాలంలోనే ప్రకటనలు పడతాయి, ఏప్రిల్‌లో సయాప్ కాన్ఫరెన్స్‌కి వెళ్లి అడుగుదాం అనుకుంటే అప్పటికే చాలా సీట్లు నిండిపోయి ఉంటాయి, కాబట్టి నవంబర్‌కల్లా రెండు పేజీల రెజ్యూమె రెడీగా ఉండాలి, పది పేజీల అకడమిక్ సీవీ వేరు, ఇది వేరు. కాన్ఫరెన్స్‌కి మాత్రం వెళ్లు, మీ డిపార్ట్‌మెంట్ నుంచి ముందు బయటకెళ్లిన సీనియర్లు అక్కడ దొరుకుతారు, వాళ్లతో కూర్చుని అరగంట మాట్లాడితే ఏ టీములో నిజంగా ఏం పని జరుగుతుందో తెలుస్తుంది.

ఇంటర్న్‌షిప్ సీపీటీ (చదువుతుండగా పనిచేసే అనుమతి) మీద చేస్తావు కదా, ఫుల్‌టైం సీపీటీ మొత్తం 12 నెలలకి చేరితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది, ఒకటి రెండు వేసవులకి ఏ ఇబ్బందీ లేదు. ఇంకో ముఖ్యమైన విషయం చాలామందికి తెలియట్లేదు. 2022 జనవరిలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) లిస్టులో కొత్తగా 22 సబ్జెక్టులు చేర్చారు, అందులో ఇండస్ట్రియల్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ ఒకటి, అంటే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు అడగొచ్చు, కంపెనీ ఈ-వెరిఫైలో (పని అనుమతి సరిచూసే ప్రభుత్వ సిస్టంలో) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ కలిసి నింపాలి. కానీ ఇది యూనివర్సిటీ ఇచ్చిన నీ ఐ-20 ఫారం మీద ఉన్న కోడ్‌ని బట్టి ఉంటుంది, డిగ్రీ పేరుని బట్టి కాదు, కొన్ని యూనివర్సిటీలు ఈ ప్రోగ్రాంని ఉత్త సైకాలజీ కోడ్ కిందే పెడతాయి. ఐ-ఓ సైకాలజీ కోడ్ 42.2804 ఉందో లేదో ఈ వారమే చూసుకో, లేకపోతే డీఎస్‌ఓని (యూనివర్సిటీలో వీసా విషయాలు చూసే ఆఫీసర్‌ని), డిపార్ట్‌మెంట్‌ని ఇప్పుడే అడుగు, చివరి సెమిస్టర్‌లో అడిగితే లాభం ఉండదు.

స్కిల్స్ అంటే అందరూ డేటా పనికి వాడే ఆర్, పైథాన్, ఎస్‌క్యూఎల్ అంటారు, అవి కావాలి, నేర్చుకో. నా దృష్టిలో అంతకంటే తేడా తెచ్చేది జాబ్ అనాలిసిస్ (ఉద్యోగంలో ఏ పని, ఏ నైపుణ్యం కావాలో తేల్చడం), టెస్ట్ వ్యాలిడేషన్ (పరీక్ష ఆ పనికి సరిపోతుందని చూపించడం) మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారైనా చేసి ఉండటం. ఉదాహరణకి ఒక సెలక్షన్ టెస్ట్ రాసిన 100 మంది మగవాళ్లలో 60 మంది, 100 మంది ఆడవాళ్లలో 40 మంది పాసయ్యారనుకో, 40ని 60తో భాగిస్తే 67 శాతం, ఉద్యోగ పరీక్షల మీద అమెరికా ప్రభుత్వం 1978లో ఇచ్చిన యూనిఫాం గైడ్‌లైన్స్‌లో చెప్పిన 80 శాతం కంటే తక్కువ, అప్పుడు ఆ టెస్ట్ ఉద్యోగానికి సంబంధించినదే అని కంపెనీ చూపించగలగాలి, ఆ చూపించే పని నీలాంటి వాళ్లది. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ ఏజెన్సీలు ఇలాంటి కేసుల జోరు తగ్గించాలని ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ వచ్చింది, అయినా టెస్ట్ ఉద్యోగానికి సంబంధించినదై ఉండాలన్న నిబంధన చట్టంలో అలాగే ఉంది, మనుషులు సొంతంగా దావా వెయ్యొచ్చు. పైగా న్యూయార్క్ సిటీలో సెలక్షన్‌కి ఆటోమేటెడ్ టూల్స్ వాడితే బయటివాళ్లతో బయాస్ ఆడిట్ (పక్షపాతం ఉందేమో తనిఖీ) చేయించాలని రూల్ 2023 జూలై నుంచి అమల్లో ఉంది. ఏఐ టూల్స్ న్యాయంగా ఉన్నాయో లేదో లెక్కగట్టి, దాన్ని మేనేజర్‌కి అర్థమయ్యేలా ఒక పేజీలో చెప్పగలిగితే నీకు పని దొరుకుతుంది. ఆ ఒక పేజీ రాయడం ఇప్పట్నుంచే ప్రాక్టీస్ చెయ్యి, నీ థీసిస్ టాపిక్ మీదే మొదలుపెట్టు.

గైడ్‌కి తెలియకుండా ఇవన్నీ చెయ్యకు. కూర్చుని నేరుగా చెప్పు, ఇండస్ట్రీకి వెళ్తాను, ఒప్పుకున్న రెండు పేపర్లు పూర్తి చేస్తాను, ఈ వేసవి మాత్రం నాకివ్వండి అని. రేపు రికమెండేషన్ ఆవిడో ఆయనో ఇవ్వాలి, అందుకే చెప్తున్నా.

ఇంకోటి గట్టిగా చెప్తాను. కోర్సులైపోయి డిసర్టేషన్ ఒక్కటే మిగిలినప్పుడు మంచి ఆఫర్ వస్తుంది, చేరిపోదాం సాయంత్రాలు రాసుకుందాం అనిపిస్తుంది, ఆ సాయంత్రాలు రావు, ఏళ్లు గడిచిపోతాయి, నీ విషయంలో ఓపీటీ గడియారం కూడా తిరుగుతుంటుంది. కనీసం ప్రపోజల్ (డిసర్టేషన్ ప్లాన్) కమిటీ ముందు డిఫెండ్ చేసి డేటా చేతికొచ్చాకే చేరు. మనవాళ్ల కన్సల్టెన్సీలు కొన్ని రెజ్యూమెలో లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటాయి, అటువైపు చూడొద్దు, ఇది చిన్న ఫీల్డ్, ఒకళ్లకొకళ్లు తెలుసు.

వెనక్కి రావాలనుకుంటే ఐఐఎంలలో ఆర్గనైజేషనల్ బిహేవియర్, ఐఐటీల హ్యుమానిటీస్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, అక్కడ మళ్లీ పేపర్లే మాట్లాడతాయి, మీ గైడ్ చెప్పేది అప్పుడు పనికొస్తుంది, జర్నల్ ఆఫ్ అప్లైడ్ సైకాలజీ లాంటి చోట ఒక్కటి పడినా చాలా విలువ. ఢిల్లీలో డీఆర్‌డీఓ కింద డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకలాజికల్ రీసెర్చ్ ఉంది, సైన్యంలో సెలక్షన్ పరీక్షల మీద పని చేస్తారు. ఎస్‌హెచ్‌ఎల్ కూడా 2019లో మన దేశపు ఉద్యోగ పరీక్షల కంపెనీ ఆస్పైరింగ్ మైండ్స్‌ని కొనుక్కుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఐ-ఓ సైకాలజిస్ట్ అనే పేరుతో పోస్టులు తక్కువ, పీపుల్ అనలిటిక్స్, టాలెంట్ అసెస్‌మెంట్ అని వెతుకు.