మూడు చక్రాల బండికి గేర్ ఇండికేటర్: వేగం సిగ్నల్ ఎక్కడ పట్టుకోవాలి?

ప్రశ్న: మోటార్‌సైకిల్‌కి వెనక డిఫరెన్షియల్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఇరుసు) వేయించి ట్రైక్‌గా మార్చాను. మీటరులో గేరు అంకె రాదు. విడిగా కొన్న ఇండికేటర్‌కి ఐదు వైర్లున్నాయి: పవర్, ఎర్త్, ఆర్‌పీఎం, స్పీడు, న్యూట్రల్. ఏది ఎక్కడ కలపాలి?

జవాబు: వైరు రంగును నమ్మకండి, ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి. దాంతో వచ్చిన కాగితంలో ఏ వైరు పనేమిటో చూసుకోండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పండి, అంతా అయ్యాకే బిగించండి.

పవర్ వైరు తాళం తిప్పినప్పుడే 12 ఓల్టులు వచ్చే చోట కలపాలి, మధ్యలో 1 ఆంపియర్ ఫ్యూజు ఉండాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే ఏమవుతుందంటే, ఇండికేటర్ 30 మిల్లీ ఆంపియర్లే లాగినా రోజుకు 0.72 ఆంపియర్ అవర్ పోతుంది. 12 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు వారాలు కదలకుండా ఉంటే స్టార్టర్ తిప్పలేదు. ఎర్త్‌ని హ్యాండిల్ మీది బోల్టుకి వేయకండి. స్టీరింగ్ బేరింగుల్లో గ్రీజు ఉంటుంది, ఎర్త్ సరిగా అందక అంకె వణుకుతుంది. ఫ్రేము మీద పెయింటు గీకిన చోటికో, బ్యాటరీ నెగెటివ్‌కో తీసుకెళ్లండి.

ఆర్‌పీఎంకి టాకోమీటరు వైరు ఉంటే ఇంకేమీ వెతకొద్దు. అది లేకపోతే ఇగ్నీషన్ కాయిల్ ప్రైమరీలో, 12 ఓల్టుల సరఫరా తెచ్చేది కాకుండా రెండో వైరు. అక్కడ స్పార్క్ పడే ప్రతిసారీ వందల ఓల్టుల కుదుపు వస్తుంది కాబట్టి, కాగితంలో కాయిల్‌కి కలపవచ్చని రాసి ఉంటేనే కలపండి. ప్లగ్ వైరు జోలికి అసలు పోవద్దు. మీ వైర్లు దాని పక్కన సమాంతరంగా కూడా పోకూడదు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

ఇక అసలు విషయం స్పీడు వైరు. ఈ ఇండికేటర్‌కి గేరు కనపడదు. ఇంజను ఎన్నిసార్లు తిరిగితే వేగం సెన్సర్ నుంచి పల్సులు (విద్యుత్ తట్టులు) ఎన్ని వచ్చాయో భాగించి అంకె చెబుతుంది, అంతే. నాలుగో గేరులో 4,000 ఆర్‌పీఎం దగ్గర గంటకు 60 కిలోమీటర్లు పోయే బండి 2,000 దగ్గర 30 పోతుంది, నిష్పత్తి మారదు. పల్సులు గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ దగ్గరి సెన్సర్ నుంచి వస్తుంటే మీ డిఫరెన్షియల్ నిష్పత్తి, కొత్త టైరు సైజు ఏవీ అడ్డు కావు. మార్పు చేసినవాళ్లు వెనక ఒక చక్రానికి సెన్సర్ పెట్టి ఉంటే మాత్రం, మలుపులో లోపలి చక్రం నెమ్మదిస్తుంది, బయటిది వేగమందుకుంటుంది. రెండు చక్రాల మధ్య 1.2 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 6 మీటర్లు అనుకోండి, తేడా చెరో వైపు 10 శాతం. అంత ఇరుకు మలుపులో ఎలాగూ కింది గేర్లలోనే ఉంటాం, వాటి మధ్య ఎడం ఎక్కువ కనుక అది భరించదగ్గదే. పై గేర్ల మధ్య అంత ఎడం ఉండదు కాబట్టి ఇండికేటర్‌కి ఒక్కో గేరు నిష్పత్తిని నేర్పించేటప్పుడు మాత్రం తిన్నగా నడపాలి.

సిగ్నల్ వైరును మల్టీమీటరుతో పట్టండి. సెన్సర్‌కి మూడు వైర్లుంటే ఒకటి సరఫరా, ఒకటి ఎర్త్. తాళం ఆన్ చేసి, న్యూట్రల్‌లో బండిని అంగుళం అంగుళంగా నెడుతుంటే సున్నాకీ 5 ఓల్టులకీ (కొన్నిటిలో 12కీ) మధ్య ఎగిరి దూకేదే మీకు కావలసింది. ఆ వైరును కోయవద్దు. సెంటీమీటరు మేర పొట్టు ఒలిచి, లోపలి పోగుల్ని రెండుగా విడదీసి, ఆ సందులోంచి కొత్త వైరు దూర్చి చుట్టి, క్రింప్ చేయండి. పైన జిగురున్న హీట్ ష్రింక్ టేపు చుట్టండి. నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ వైరు కనెక్టర్లు వానాకాలం దాటవు. టంకం వేస్తే అది పోగుల్లోకి పాకి వైరు బిర్రుగా అవుతుంది, అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది.

న్యూట్రల్ వైరును న్యూట్రల్ లైటు నుంచి స్విచ్‌కి పోయే వైరుకి కలపాలి. ఆ స్విచ్ ఎర్త్‌కి కలిసినప్పుడు లైటు వెలుగుతుంది. ఇండికేటర్ కలిపాక గేరులో ఉన్నా ఆ లైటు మసకగా వెలుగుతుంటే, ఇండికేటర్ వైరులో ఒక 1ఎన్4007 డయోడ్ వేయండి, తెల్ల గీత న్యూట్రల్ స్విచ్ వైపు ఉండేలా.

ప్రశ్న: గేర్లు నేర్పించడానికి వెనక జాకీ ఎత్తి చేయవచ్చా?

జవాబు: రెండు వెనక చక్రాలూ లేచి ఉంటేనే. ఒకటే లేస్తే డిఫరెన్షియల్ నేలమీది చక్రాన్ని ఆపి, గాల్లోదాన్ని రెట్టింపు తిప్పుతుంది. సెన్సర్ ఏ చక్రం మీదుందో దాన్ని బట్టి ఇండికేటర్ సున్నా గానీ, రెట్టింపు గానీ నేర్చుకుంటుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (నేలమీది చక్రానికీ కొంత బలం పంపే రకం) అయితే బండి జాకీ మీంచి దూకే ప్రమాదం కూడా ఉంది. ఖాళీ స్థలంలో ఒక్కో గేరులో ఆర్‌పీఎం నిలకడగా ఉంచి నడపడమే మేలు.

ప్రశ్న: నాది ముందు రెండు చక్రాల బండి. ముందు ఏబీఎస్ సెన్సర్ వైరుకే కలిపేస్తే పోలేదా?

జవాబు: వద్దు. చాలా ఏబీఎస్ సెన్సర్లు ఓల్టేజితో కాదు, 7, 14 మిల్లీ ఆంపియర్ల కరెంటు తేడాతో మాట్లాడతాయి. మీ కలయిక ఆ లెక్కను చెడగొడితే హెచ్చరిక దీపం వెలగడంతో ఆగదు, ఏబీఎస్ పని మానేస్తుంది. క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే) జంట వైర్లనూ గుచ్చకండి. అలాంటి బండికి ఆ మోడల్ కోసమే చేసిన, డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టే మాడ్యూల్ వెతకండి. వాలే ముందు భాగం ఉన్న బండిలో వైరు ఎక్కడా నలగకూడదు: హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, బండిని రెండు వైపులా పూర్తిగా వాల్చి చూశాకే పట్టీలు బిగించండి.

ప్రశ్న: రివర్స్ వేస్తే 1 అని చూపిస్తోంది. వైరింగ్ తప్పా?

జవాబు: వైరింగ్ సరైనదే. రివర్స్ బాక్స్ గేర్‌బాక్స్ తర్వాత ఉంటే, మొదటి గేరులో పెట్టి వెనక్కి పోతున్నారు. ఇలాంటి స్పీడు సెన్సర్ పల్సులే లెక్కపెడుతుంది, దిశ దానికి తెలియదు. రివర్స్ లివరుకి ఒక స్విచ్ పెట్టి విడిగా ఎర్ర దీపం వెలిగించండి. విద్యుత్ మోటారు రివర్స్ అయితే న్యూట్రల్‌లోనే కదులుతుంది కాబట్టి న్యూట్రల్ అనే చూపిస్తుంది, దానికీ దీపమే మందు.

ప్రశ్న: ఆరు నెలలు బాగానే చూపింది. ఇప్పుడు ఎత్తు ఎక్కుతుంటే ఐదో గేరులో ఉన్నా 4 అంటోంది.

జవాబు: మళ్లీ నేర్పించకండి. బరువు పడగానే ఆర్‌పీఎం లేచి వేగం లేవడం లేదంటే క్లచ్ జారుతోంది. లివరు ఫ్రీ ప్లే చూసి, అది సరిగ్గా ఉంటే క్లచ్ ప్లేట్లు విప్పించండి.

ప్రశ్న: సీవీటీ ఉన్న మూడు చక్రాల స్కూటరుకి పెట్టవచ్చా?

జవాబు: బెల్టు పుల్లీల్లో గేర్లే లేవు, నిష్పత్తి జారుతూ మారుతుంటుంది. డబ్బు దండగ.