ముందు సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదు

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, వీడు ముగ్గురు స్నేహితుల్ని కార్లో వేసుకుని విజయపుర, బాదామి, హంపి తిరిగొస్తాడట. నాలుగు రోజులట" అన్నాడు. వాడు కంగారుగా చెప్పాడు, నేను సంతోషంగా విన్నాను. ఫోన్ పెట్టేసి పడుకున్నాక ఆ కంగారు నాకు పట్టుకుంది. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. సెలవు దొరికితే పబ్బుల చుట్టూ తిరిగే వయసులో నువ్వు పాత రాజధానులు చూస్తానన్నావు. ఆ గర్వం నాకుంది, దాచుకోను. కానీ ఈ ఉత్తరం మధ్యలో తిట్లు కూడా ఉంటాయి, పూర్తిగా చదువు.

బండి కాగితాలు, లైసెన్సు, ఇన్సూరెన్సు ముందే చూసుకో. స్టెపినీలో గాలి ఉందో లేదో చూడు. ఖర్చుల లెక్క ఒక్కడి చేతిలో పెట్టండి. వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి. బాదామిలో చేతిలో తినేది పట్టుకుని నడవొద్దు, కోతులు లాక్కుంటాయి. తుంగభద్రలో దిగొద్దు. ఇవన్నీ నీకు తెలుసు, తెలిసినా రాశాను.

మీరు ముందు విజయపుర, అదే పాత బిజాపూరు, వెళ్ళడం మంచిదే. పొద్దున తలుపులు తీసే వేళకే గోల్ గుంబజ్ దగ్గర ఉండండి. బిజాపూరు సుల్తాను మహమ్మద్ ఆదిల్ షా సమాధి అది, 1656లో పూర్తయింది. మూలనున్న గోపురంలోంచి ఏడంతస్తుల మెట్లెక్కితే గుమ్మటం లోపలి వసారాలోకి వస్తారు. ఒకడు గోడకి నోరు పెట్టి గుసగుసగా మాట్లాడితే అవతలి వైపు గోడ దగ్గర నిలబడ్డవాడికి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. స్కూలు పిల్లల బస్సులు వచ్చాయంటే మాత్రం అరుపులు తప్ప ఏమీ వినపడదు. అందుకే పొద్దున్నే వెళ్ళమంటున్నాను.

విజయపుర ముందు, హంపి తర్వాత అంటే నాకింకో కారణం కూడా ఉంది. 1565లో బిజాపూరు, గోల్కొండ, అహ్మద్‌నగర్, బీదరు సుల్తానులు కలిసి, హంపి రాజధానిగా విజయనగర రాజ్యాన్ని నడిపిన అళియ రామరాయల్ని ఓడించారు. గెలిచినవాళ్ళ ఊరు నిలబడి ఉండగా చూసి, ఓడినవాళ్ళ ఊరికి ఆ తర్వాత వెళ్ళు. హంపి బజారులో ఆ ఖాళీ రాతి మండపాల వరస చూసినప్పుడు నీకే తెలుస్తుంది. తరగతిలో నేను గంటసేపు చెప్పినా అంత తెలియదు.

బాదామికి ఒక రోజు చాలదు, కానీ మీకున్నది ఒక్క రోజే. పట్టదకల్లు మాత్రం వదలొద్దు, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతే. అక్కడి విరూపాక్షాలయం కట్టించింది ఒక రాణి, లోకమహాదేవి. భర్త, చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు, కంచి పల్లవుల్ని గెలిచినందుకు కట్టించింది. ఆ విక్రమాదిత్యుడు కంచి కైలాసనాథాలయం సొత్తు దోచుకోకుండా దేవుడికే తిరిగిచ్చి, ఆ మాట అక్కడి రాతి మీద కన్నడంలో చెక్కించాడు. గెలిచి వచ్చినవాడు ఏం చేశాడన్నదే నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పేది.

ఇక హంపి. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు.

1996 డిసెంబరులో మా కాలేజీ వాళ్ళం ఐదుగురం వెళ్ళాం. కారు మా లెక్కల సారుది. ఆయనే నడిపేవాడు, మాలో ఇంకెవరికీ డ్రైవింగ్ రాదు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, టార్చి వేసుకుని మాతంగ కొండెక్కి సూర్యోదయం చూశాం. తర్వాత రోజంతా ఎండలో తిరిగాం. మర్నాడు పదింటికి సారుకి పరీక్ష డ్యూటీ ఉంది. ఏడింటికి బయల్దేరదామనుకున్నవాళ్ళం, హేమకూటం మీద సాయంత్రం చూసి, భోజనాలు చేసి, తొమ్మిదిన్నరకి కదిలాం.

నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక ముగ్గురూ అరగంటలో నిద్రపోయారు. గంగావతి దాటాక సింధనూరు వైపు దారి, రెండు పక్కలా కోసిన వరిచేలు. ఒకసారి బండి ఎడమ చక్రాలు మట్టిలోకి దిగి మళ్ళీ రోడ్డెక్కాయి. నేను ఆయన వైపు చూశాను. "ఏం లేదు మేడం, గుంత" అన్నాడు. గుంత లేదు. నాకు తెలుసు. కాసేపటికి ఆయన తల కొద్దిగా ముందుకి వాలి టక్కున లేచింది. అదీ చూశాను. అద్దం కిందికి దించాడు, పాట పెంచాడు. ఆపమని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

చెప్పలేదు చిన్నా. ఆయన నాకంటే పదేళ్ళు సీనియర్. కారు ఆయనది, పెట్రోలు డబ్బులు కూడా మా దగ్గర తీసుకోలేదు. మూడు రోజులుగా మా కోసం నడుపుతున్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని "మీరు తూగుతున్నారు" అంటే ఏమనుకుంటాడో అనిపించింది. పైగా డ్యూటీకి ఆలస్యమైతే మాట పడేది ఆయనే. ఇవన్నీ లెక్కేసుకుంటూ కూర్చున్నాను. మొహమాటం. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి ఇంకో పేరు దొరకలేదు నాకు.

పదకొండున్నర ప్రాంతంలో ఒక వరిగడ్డి ట్రాక్టరు టైరు పంచరై రోడ్డు పక్కన ఆగి ఉంది. వెనక లైటు లేదు. చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టి ఉన్నాయి, అంతే. మా హెడ్‌లైట్ల వెలుగులో ముందు ఆ రాళ్ళు కనిపించాయి, తర్వాత పసుపుపచ్చ గోడలా గడ్డి. నేను అరిచాను. సారు కుడికి తిప్పాడు, కానీ సరిపోలేదు.

అద్దం పగిలి గడ్డంతా లోపలికి వచ్చింది. నా ఒళ్ళో, జుట్టులో, నోట్లో గడ్డి. కొత్త గడ్డి వాసన, దాంతో కలిసిన పెట్రోలు వాసన. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. పాట మాత్రం ఇంకా వస్తూనే ఉంది. సారుకి భుజం దగ్గర ఎముక విరిగింది. వెనక సీట్లో ఉన్న మా స్నేహితురాలికి నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. ట్రాక్టరు మనిషి అప్పుడే నీళ్ళ కోసం చేలోకి వెళ్ళాడు, అందుకే బతికాడు. పరిగెత్తుకొచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ బయటికి లాగి, తన తువ్వాలుతో సారు చెయ్యి మెడకి కట్టాడు. మాకు కన్నడం రాదు, ఆయనకి తెలుగు అంతంత మాత్రం. తప్పు తనదే అన్నట్టు దండం పెడుతూనే ఉన్నాడు. ఆ దండాలు తల్చుకుంటే నాకు ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు. తప్పు లైటు లేని ట్రాక్టరుది కొంత, నిద్ర ఆపుకున్న సారుది కొంత. ముందు సీట్లో మెలకువగా కూర్చుని, కళ్ళారా చూస్తూ నోరెత్తని నాది అన్నిటికంటే ఎక్కువ.

ఆసుపత్రిలో సారు నాతో ఒక్క మాట అన్నాడు: "మీరొక్కసారి ఆపమని అని ఉంటే ఆపేవాణ్ణి మేడం. ఎవరైనా అంటే బావుణ్ణని చూస్తున్నాను."

అందుకని నీకు చెబుతున్నాను. ఎనభై స్పీడులో బండి సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలిందంటే అరవై ఆరు మీటర్లు నడిపేవాడు లేని బండే. టీ తాగడం, మొహం కడుక్కోవడం, ఏసీ పెంచడం, పాటలు పెట్టడం, వీటితో నిద్ర పోదు, కాసేపు దాక్కుంటుంది. రోడ్డు పక్కన ధాబా దగ్గరో, వెలుతురున్న పెట్రోలు బంకులోనో ఆపి ఇరవై నిమిషాలు నిజంగా పడుకుంటేనే పోతుంది. అర్ధరాత్రి దాటాకే వస్తుందనుకోకు, మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి బయల్దేరినప్పుడు కూడా సరిగ్గా అలాగే వస్తుంది.

ముందు సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదు. వాడి పని ఫోన్లో దారి చూడడం కాదు, నడిపేవాడి కళ్ళు చూడడం. బయల్దేరేముందే నలుగురూ ఒక మాట అనుకోండి: ఎవరు "ఆపు" అన్నా బండి ఆగుతుంది, ఎందుకని అడగకూడదు, ఎగతాళి చెయ్యకూడదు. నువ్వు నడుపుతున్నప్పుడు కూడా అంతే. నీ మొండితనం నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు జ్వరంతో సైకిలు తొక్కి, పడిపోయాక కూడా "బానే ఉన్నానత్తా" అన్నవాడివి. ఆ మాట స్టీరింగు పట్టుకుని అనొద్దు రా. నీ స్నేహితుల అమ్మలు కూడా నీ మీద నమ్మకంతోనే పంపుతున్నారు.

చీకటి పడ్డాక ఆ దారుల్లో నడపొద్దు. డిసెంబరులో అటువైపు గడ్డి బళ్ళు, చెరుకు ట్రాక్టర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. అన్నిటికీ వెనక ఎర్ర లైటు ఉంటుందని అనుకోకు. ఏ ఊరు చేరాలన్నా ఐదున్నరకల్లా చేరేట్టు చూసుకో. దానివల్ల ఒక గుడి చూడలేకపోతే పోనీ.

హంపిలో రెండు చోట్లకి మాత్రం నా కోసం వెళ్ళు. విరూపాక్షాలయం వెనక వైపు ఒక చీకటి గది ఉంది. గోడలో చిన్న సందులోంచి వెలుగొచ్చి ఎదుటి గోడ మీద పెద్ద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. మావాళ్ళు తొందరపెడితే నేను సరిగ్గా చూడలేదు.

రెండోది ఉగ్రనరసింహుడు. 1528లో కృష్ణదేవరాయలు ఒకే రాతిలో చెక్కించింది. అందరూ ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. ఆయన ఒళ్ళో ఒకప్పుడు లక్ష్మీదేవి ఉండేది, ఇప్పుడా విగ్రహం లేదు. ఆవిడ చెయ్యి మాత్రం ఆయన వీపు మీద మిగిలిపోయింది. పక్కకి వెళ్ళి చూస్తే కనిపిస్తుంది, వేళ్ళతో సహా.

మీ నాన్న చెప్పినదాన్నిబట్టి నాలుగో రోజు సాయంత్రం హంపి నుంచి బయల్దేరి రాత్రికి రాత్రే ఇల్లు చేరాలని మీ ప్లాను. అది వద్దు. ఆ రాత్రి హోస్పేటలో పడుకుని మర్నాడు పొద్దున టిఫిను చేసి బయల్దేరండి. ఆఫీసుకి ఇంకొక్క రోజు సెలవు పెట్టు. గదుల డబ్బు సాయంత్రానికి నీ ఖాతాలో వేస్తాను, మీ నలుగురికీ కలిపి. బుక్ చేశాక నాకు మెసేజ్ పెట్టు.

మీ అత్త