ఒకే హిమానీనదం, రెండు అడవులు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ప్రింటు తీసుకుని రెండుసార్లు చదివాను, మొదటిసారి పడక్కుర్చీలో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆదివారం అనుబంధానికి పంపేయనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. నీ మూడో పేరాలో ఇరవై కోట్ల ఏళ్లు తప్పిపోయాయి. ముందు వాటి సంగతి చూడు.

1912లో దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్లిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం అంటార్కిటికాలో బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఆకుల శిలాజాలు ఏరిందనీ, వాటిని బట్టే అక్కడ ఒకప్పుడు బీచ్ అనే జాతి చెట్లూ ముక్కు పురుగులూ ఉండేవని తెలిసిందనీ రాశావు. హిమానీనదం అదే, కాదనను. స్కాట్ బృందంలోని విల్సన్ బక్లీ కొండ దగ్గర ఏరినవి మాత్రం ఎప్పుడో అంతరించిన గ్లాసోప్టెరిస్ చెట్ల ఆకులు. అవి పర్మియన్ కాలానివి, 25 కోట్ల ఏళ్ల పైమాట. బీచ్ కొమ్మలు, పురుగులు దొరికింది ఆలివర్ బ్లఫ్స్ అనే మట్టి గట్ల దగ్గర. వాటి వయసు ఎంత లాగినా రెండు కోట్ల ఏళ్లు. ఈ రెంటి మధ్య డైనోసార్లు పుట్టి, ఏలి, పోయాయి. నువ్వేమో ఇద్దర్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించావు.

కంగారు పడకు, ఇలాంటివి నేనూ చేశాను. ఒకసారి పేడపురుగుల మీద రాస్తూ పైనుండే గట్టి కవచాన్ని ‘రెక్క’ అని రాశాను. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన పోస్టుకార్డు రాశారు: ‘‘అయ్యా, రెక్కలు లోపలుంటాయి. మీరు చెప్పేది పైన మూసే డొప్పలు.’’ ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది. నువ్వూ ‘రెక్కలు’ అనే రాశావు. డొప్పలు అని దిద్దుకో.

స్కాట్ కథ ముందు పెట్టాలన్న నీ ఆశ నాకు అర్థమైంది. ధ్రువం నుంచి ఓడిపోయి తిరిగొస్తూ, ఫిబ్రవరి 8న ఆగి రాళ్లు ఏరుకోవడం, తిండి చాలకపోయినా 16 కిలోల బరువును పారేయకుండా లాక్కురావడం, నవంబరులో గుడారంలో శవాలు దొరికినప్పుడు ఆ రాళ్లూ దొరకడం. ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. అందుకే వద్దంటున్నాను. ఆ మనుషులు వ్యాసంలో అడుగు పెట్టాక నీ పురుగును ఎవరూ చూడరు. దాన్ని ఇంకో వ్యాసానికి దాచుకో. మన సింగరేణి బొగ్గు కూడా గ్లాసోప్టెరిస్ అడవులు కుళ్లి, పూడి తయారైనదే. 1871లో ఇల్లెందు దగ్గర ఆ బొగ్గును విలియం కింగ్ గుర్తించాడు. అప్పట్లో ఇండియా, అంటార్కిటికా కలిసి ఉన్న మహాఖండానికి పెట్టిన గోండ్వానా అన్న మాట గోండుల పేరు నుంచే వచ్చింది. ఆ వ్యాసానికి అడ్వాన్సుగా ఇప్పుడే అభినందనలు.

ఈ వ్యాసం మాత్రం డొప్పలతో మొదలుపెట్టు. అలన్ ఆష్‌వర్త్, టెర్రీ ఎర్విన్ అనే శాస్త్రవేత్తలు 2016లో ఆలివర్ బ్లఫ్స్‌లో దొరికిన నేలపురుగుకు యాంటార్క్టోట్రెకస్ బాలీ అని పేరు పెట్టారు. వాళ్ల చేతిలో ఉన్నది డొప్పలే. తల లేదు, కాళ్లు లేవు. దొరికిన చోటు దక్షిణ ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్లు. ఇవాళ అంటార్కిటికా ఖండంలో సొంతంగా బతికే కీటకాలు ఒకటి రెండు రకాల చిన్న దోమజాతి పురుగులు, అవీ ఉత్తరపు కొసన ఉన్న ద్వీపకల్పం వైపే. ఇది చెప్పి ఊరుకో. ‘ఆశ్చర్యకరంగా’ అని కలపకు. ఆ పని పాఠకుడు చేసుకుంటాడు.

తర్వాత ముక్కు పురుగులు. ఇక్కడ నీకు అదృష్టం కలిసొచ్చింది, బియ్యం డబ్బాలో ముక్కు పురుగును చూడని తెలుగువాడు ఉండడు. ఆ చుట్టరికం ఒక్క వాక్యంలో అందించు. ఇది మాత్రం ఎగరలేని రకమని వెంటనే చెప్పు, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. ఎగరలేని పురుగు సముద్రం మీదుగా నిన్నో మొన్నో వచ్చి చేరిందనడం కష్టం. ఖండాలు ఇంకా దగ్గరగా ఉన్న రోజుల నుంచే దాని వంశం అక్కడ బతుకుతూ వచ్చిందనుకోవడమే సులువు. దాని దగ్గరి చుట్టాలు ఇప్పటికీ దక్షిణ అమెరికా కొసన పటగోనియాలో ఉన్నాయి.

‘శాస్త్రవేత్తలు ప్రాచీన పర్యావరణాన్ని పునర్నిర్మించారు’ అని నాలుగుసార్లు రాశావు. నాలుగూ కొట్టేశాను. ఎలా చేశారో చూపించు. పాత మట్టిలోంచి పురుగుల ముక్కలు తీసే పద్ధతి ఎంత ఇంటి పనిలా ఉంటుందో తెలుసా? మట్టిని సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన దాన్ని కిరసనాయిలుతో కలుపుతారు. తర్వాత నీళ్లు పోస్తారు. పురుగు డొప్పకు నూనె అంటుకుంటుంది కాబట్టి అది పైకి తేలుతుంది, ఇసుక అడుగున ఉండిపోతుంది. పైది వంచుకుని, సబ్బునీళ్లతో కడిగి, మైక్రోస్కోపు కింద ఏరడమే. మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపిక కావాలి.

మరి డొప్ప చూసి చలి ఎంతో ఎలా చెబుతారు? బ్రిటన్‌లో రసెల్ కూప్ అనే ఆయన దీనికే జీవితం ధారపోశాడు. ఆయన చూసినంతలో మంచుయుగపు పురుగుల్లో చాలావాటికి రూపం మారలేదు, మకాం మారింది. ఇంగ్లండు మట్టిలో పెద్ద సంఖ్యలో దొరికిన ఒక పేడపురుగు ఇవాళ టిబెట్ పీఠభూమి మీదే బతుకుతోంది. ఒకే మట్టిలో దొరికిన పురుగులన్నీ ఇవాళ ఏయే చలి, ఏయే వేడి తట్టుకుంటాయో చూసి, అన్నిటికీ కుదిరే ఉష్ణోగ్రతను పట్టుకుంటారు. ఆలివర్ బ్లఫ్స్ పురుగులు అంతరించినవి కాబట్టి అక్కడ చుట్టాల్ని చూసి లెక్కకట్టాలి. అందుకే వేసవి సగటు ‘5 డిగ్రీల దగ్గర’ అనే రాయి, ‘5 డిగ్రీలు’ అని రాయకు.

‘పచ్చని దట్టమైన అరణ్యం’ తీసెయ్. అక్కడి బీచ్ నేలబారున పాకిన పొద. కొమ్మలు కోసి చూస్తే వలయాలు ఇరుగ్గా ఉన్నాయి, అంటే ఏడాదికి పిసరంతే పెరిగాయన్నమాట. నీకు అడవే కావాలంటే ఉత్తరానికి వెళ్లు. కెనడాలో ఆక్సెల్ హైబర్గ్ దీవిలో, 80 డిగ్రీల అక్షాంశం దగ్గర, 4.5 కోట్ల ఏళ్ల నాటి మెటాసెక్వోయా అనే చెట్ల మొద్దులు 1985లో బయటపడ్డాయి. రాయిగా మారలేదు, చెక్కగానే ఉన్నాయి, రంపంతో కోయొచ్చు. అదీ అడవంటే. కానీ దాన్ని దీనిలో కలపకు, మళ్లీ మూడో పేరా కథే అవుతుంది.

ఆలివర్ బ్లఫ్స్ మట్టి వయసు మీద తగాదా ఉందని నువ్వు రాయలేదు. వ్యాసం బరువెక్కుతుందని భయపడ్డట్టున్నావు. రాయి తల్లీ, మన జనానికి గట్టు తగాదా అంటే ఇష్టమే. ఆ తరహా మట్టిలో దొరికిన సూక్ష్మమైన సముద్రపు నాచు పెంకుల్ని బట్టి కొందరు 30 లక్షల ఏళ్లే అన్నారు. ఆ పెంకులు గాలికి కొట్టుకొచ్చి చేరాయి, అసలు వయసు కోటీ నలభై లక్షలకు పైనే అని ఇంకొందరు. మొదటివాళ్లది నిజమైతే అక్కడి మంచు మనం అనుకున్నంత పాతదీ కాదు, స్థిరమైనదీ కాదు. పందెం అంత పెద్దది. తీర్పు నువ్వు చెప్పనక్కర్లేదు. నేనైతే రెండో పక్షం వైపు మొగ్గుతాను. ఆ బ్లఫ్స్ ఉన్న ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాల్లోనే, మెక్‌ముర్డో పొడి లోయల దగ్గర, 1.4 కోట్ల ఏళ్ల నాటి సరస్సు అడుగున మాస్ అనే నాచుమొక్క ఎండిపోయి అలాగే దొరికింది. ఆ తర్వాత అక్కడ మంచు కరిగి ఉంటే అది అలా మిగిలేది కాదు.

ఇంకొకటి. ఆలివర్ బ్లఫ్స్ మట్టిలోనే ఒక ఈగ ప్యూపా (పురుగు ఈగగా మారే దశ) పెంకు దొరికింది, 2003లో దాని మీద చిన్న పేపరు వచ్చింది. అప్పటిదాకా ఆ రకం ఈగలు అంటార్కిటికాలో ఎప్పుడూ లేవనే అనుకునేవారు. నీ వ్యాసంలో ఈగ లేదు. ఎందుకు వదిలేశావో ఫోన్‌లో చెప్పు, తొమ్మిది దాటాక చెయ్, అప్పటికి మీ పిన్ని సీరియల్ అయిపోతుంది.

ఇట్లు,
బాబాయి