జడ్చర్ల దగ్గర సిలిండర్ ఎందుకు అయిపోయింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, రెండు నెలల క్రితం న్యుమోనియాతో ఉన్న మా నాన్నను కర్నూలులో ఒక ప్రైవేట్ ఆసుపత్రి నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాం. మాస్కుతో నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. అంబులెన్స్ అతను ‘అన్నీ ఉన్నాయమ్మా’ అన్నాడు, తీరా జడ్చర్ల దగ్గరికి వచ్చేసరికి సిలిండర్ ఖాళీ. దారిలో ఒక ఆసుపత్రిలోకి పరిగెత్తి ఇంకోటి తెచ్చుకున్నాం. నాన్న ఇప్పుడు బాగున్నారు కానీ ఆ టెన్షన్ ఇంకా పోలేదు. మేం ముందే ఏం అడగాల్సింది?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట, తప్పు మీది కాదు. ఆ లెక్క చూడాల్సింది పంపే ఆసుపత్రి, అంబులెన్స్ వాళ్లు. కానీ అది ఎవరైనా వేయగలిగే లెక్కే. కర్నూలు నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైనే, ట్రాఫిక్‌తో కలిపి నాలుగు గంటలు అనుకోండి, అంటే 240 నిమిషాలు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున 2400 లీటర్లు కావాలి. చిన్న సిలిండర్ (బి టైప్ అంటారు) నిండుగా ఉన్నా పట్టేది సుమారు 1500 లీటర్లే, రెండున్నర గంటలకు అయిపోతుంది. మీకు జడ్చర్ల దగ్గర జరిగింది సరిగ్గా ఇదే! టైరు పంక్చర్ కావచ్చు, టోల్ దగ్గర ఆగిపోవచ్చు, అందుకే అవసరానికి రెట్టింపు పెట్టుకోవాలి. మీ నాన్నగారికైతే 7000 లీటర్లు పట్టే పెద్ద డి టైప్ సిలిండర్ ఉన్న బండి కావాల్సింది. ‘ఆక్సిజన్ ఉందా’ అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. ‘ఎన్ని సిలిండర్లు, ఏ సైజు, మీటర్ చూపించండి’ అని అడగండి. ముల్లు సగంలో ఉంటే ఉన్నదీ సగమే.

బీపీ నిలబెట్టే మందు సిరింజ్ పంపుతో ఎక్కుతున్న రోగి అయితే, పంపు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, రెండో సిరింజ్ నింపి ఉంచారో లేదో చూడాలి. నార్‌అడ్రినలిన్ లాంటివి కొన్ని నిమిషాలు ఆగినా బీపీ పడిపోతుంది. ఆయాసం పెరుగుతున్నవారికి శ్వాస గొట్టం వేయాల్సి వస్తుందనిపిస్తే బయల్దేరకముందే ఐసీయూలో వేయించడం నయం, ఎందుకంటే కుదుపుల్లో, చాలీచాలని వెలుతురులో ఆ పని అనుభవం ఉన్న డాక్టర్‌కే కష్టం. అలాంటి రోగి వెంట డ్రైవర్, హెల్పర్ మాత్రమే ఉంటే అస్సలు బయల్దేరొద్దు.

అన్నిటికంటే ముందు, అవతలి ఆసుపత్రిలో బెడ్ ఉందని ఇక్కడి డాక్టరే అక్కడి డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడాలి. గేటు దగ్గరికి వెళ్లాక ‘బెడ్ లేదు’ అనిపించుకున్న కుటుంబాలను నేను చాలాసార్లు చూశాను, ఆ బాధ చెప్పలేం.

ప్రశ్న: బండి ఎంత స్పీడుగా వెళ్తే అంత మంచిదా?

జవాబు: కాదు. సడన్ బ్రేకులకు, కుదుపులకు సీరియస్ రోగి బీపీ అటూఇటూ అవుతుంది, గొట్టాలు ఊడతాయి. నిదానంగా, ఆగకుండా వెళ్లమనండి. ఇంకొకటి, వెనకాల మీ కారులో అంబులెన్స్‌ను తరుముకుంటూ సిగ్నళ్లు దాటొద్దు. ఒకరు రిపోర్టులతో బండిలో ఎక్కండి, మిగతావాళ్లు మెల్లగా రండి.